కొంగ సీసాల సంగతి

కెనడాలో సోడాను గాజు సీసాల్లో ఇంటికి తెచ్చి ఇచ్చి, ఖాళీ సీసాలు పట్టుకెళ్లి మళ్లీ నింపి తెచ్చేవాళ్లు ఉండేవారంటే మనవాళ్లు నమ్మరు. ఏ షాపులో చూసినా డబ్బాలు, ప్లాస్టిక్ సీసాలు వరసగా ఉంటే గాజు మోసేదెవరు అంటారు. మా ఆయన మోశాడు. పదకొండేళ్లు మోశాడు. ఆయన పోయాక నేను రెండు నెలలు మోశాను. ఆ రెండు నెలల్లో ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాయిస్తున్నాను. నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు, అంతకుమించి రాదు. నేను చెబుతుంటే మా వదిన రాస్తోంది. వదినంటే మా ఆయన అక్క. ఈ దేశంలోనే కనాటా అనే ఊళ్లో ఉంటుంది, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఈ చలికాలం నాకు తోడుగా ఉందామని ఓక్‌విల్‌లో మా ఇంటికి వచ్చింది. నేను ఏది చెబితే అదే రాయాలి, మధ్యలో సర్దకూడదు అని ముందే మాట తీసుకున్నాను.

ఆ సీసాలను ఇక్కడ సైఫన్ అంటారు. వేలెడు మందం గాజు. కొన్ని నీలం, కొన్ని ఆకుపచ్చ, కొన్ని ఉత్త తెల్లవి. మూతకు బదులు ఇత్తడి తల ఉంటుంది. దానికి ముందుకు వంగిన ముక్కు, వెనకవైపు ఒక మీట. మీట నొక్కితే ముక్కులోంచి సోడా బుస్సుమని గ్లాసులో పడుతుంది, వదిలితే ఆగుతుంది. సగం వాడి పక్కన పెట్టినా నెల తర్వాత కూడా అదే జోరు. మా ఆయన వాటిని కొంగ సీసాలు అనేవాడు. ముక్కు అలాగే ఉంటుంది మరి.

ఆయన చీరాలలో గోళీసోడా మిషన్ తిప్పినవాడు. గడ్డం కింద ఒక కోత ఉండేది, సీసా పేలి గాజు ముక్క దిగిన గుర్తు. వదిన మమ్మల్ని ఈ దేశం రప్పించాక కొన్నాళ్లు కారు భాగాలు చేసే చోట నిలబడి పనిచేశాడు. అక్కడ మనుషుల్ని తగ్గించినప్పుడు ఈయన్నీ తీసేశారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక టొరంటో వెళ్లి తిరుగుతుంటే సిగ్నల్ దగ్గర ఒక పాత వ్యాన్ ఆగిందట. వెనక చెక్కపెట్టెల్లో సీసాలు గలగలమంటున్నాయట. ఆ చప్పుడు విని వెంటపడి వెళ్లాడు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా చెప్పాడు.

“ఏమే, ఈ ఊళ్లో కూడా సోడా పట్టేవాడున్నాడే.”

“ఉంటే మనకేంటి?”

“రేపట్నుంచి నేనూ ఉంటాను.”

ఆ సోడా షెడ్డు యజమాని అప్పటికే ముసలివాడు. ఆయన తండ్రి పెట్టిన షెడ్డు, తండ్రి కొన్న మిషన్. సార్ అనేవాళ్లం. మా ఆయన్ని పనిలోకి తీసుకునే ముందు నిండు సీసాలు బల్ల మీద వరసగా పెట్టాడట. మా ఆయన ఒక్కోదాన్ని గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విని, ఒకటి తీసి దూరంగా పెట్టాడట. దాని అడుగున జుట్టంత సన్నని పగులు ఉంది. సార్‌కు అది ముందే తెలుసు. రేపు రమ్మన్నాడట.

షెడ్డుకు నేనూ వెళ్లేదాన్ని. సీసాలు కడగడం నా పని. గాజు ఎంత తోమినా ఏమీ అనేవాడు కాదు. తల దగ్గరికి మాత్రం రానిచ్చేవాడు కాదు. పైన నల్లబడి, పాత గుమ్మం గొళ్లెంలా ఉండేవి ఆ తలలు. అవసరమొచ్చి విప్పితే లోపల ఉత్త నీళ్లు పోసి, మెత్తటి గుడ్డ ఒకసారి తిప్పి తీసేసేవాడు.

“ఏమండీ, కాస్త తోమి ఇస్తాను ఇటివ్వండి. చూస్తుంటే సిగ్గుగా ఉంది.”

“తల జోలికి పోవద్దని చెప్పానా లేదా? లోపల నీళ్లు తప్ప ఇంకేదీ తగలకూడదు.”

ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడే. మేమిద్దరం కూర్చుని అడిగి చెప్పుకునే రకం కాదు. ఆయన చేసేవాడు, నేను చూసేదాన్ని. అలా చూస్తే అంతా తెలిసిపోతుందనుకున్నాను.

ఫిబ్రవరిలో పోయాడు. వాకిట్లో మంచు పారతో తీస్తున్నాడు. నేను లోపల ఉల్లిపాయలు కోస్తున్నాను. పార చప్పుడు ఆగింది. కాసేపు నిలబడ్డాడేమో అనుకుని ఉల్లిపాయలు కోయడం పూర్తిచేశాను. తర్వాత వెళ్లి చూశాను. దీని గురించి ఇంతకంటే చెప్పను.

ఆఖరి చూపులకు మనవాళ్లు చాలామంది వచ్చారు. అందరూ ధైర్యంగా ఉండమన్నారు. సోడా తీసుకునే ఇళ్లవాళ్లలో ఎర్ర తలుపు ఇంటావిడ వచ్చింది. తొంభై దగ్గరపడిన ముసలావిడ, తెల్లావిడ. ఆవిడ పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన నాటినుంచీ ఆ ఇంటికి సార్ వాళ్ల సోడాయే. మా ఆయన వెళితే వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టేది. తలకు ఉన్ని గుడ్డ కట్టుకుని వెనక నిలబడి, అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చి చేయి పట్టుకుంది. ఆవిడ అన్నది వదిన నాకు తెలుగులో చెప్పింది.

“వచ్చే వారం ఖాళీ సీసాలు బయట పెట్టమంటావా, వద్దా అని అడుగుతోంది.”

పక్కనున్నవాళ్లు మొహాలు చూసుకున్నారు. శవం ఉన్నచోట అడిగే మాటేనా అన్నారు. నాకు మాత్రం ఆ రోజు విన్న మాటల్లో పనికొచ్చేది అదొక్కటే అనిపించింది. ధైర్యంగా ఉండమన్నవాళ్లకు ఏం చెప్పాలో తెలియలేదు. ఈవిడకు ఏం చెప్పాలో తెలిసింది. పెట్టమన్నాను, వెళ్లేసరికి మాత్రం నెల దాటింది.

సార్‌కు షెడ్డు మూసేయాలని ఉంది. ఆయనకు మోకాళ్లు అరిగాయి, కళ్లలో పొరలు. కొడుకులిద్దరికీ ఇది అక్కర్లేదు. వదినను వెంటబెట్టుకుని వెళ్లి నేను నడుపుతానన్నాను. వదిన ఇటు మాటలు అటు, అటు మాటలు ఇటు చెప్పింది.

“మిసెస్, ఒక్కో పెట్టె ఎంత బరువో తెలుసా?”

“తెలుసు సార్. ఆయన వీపుకు నూనె రాసింది నేనే.”

“ఇళ్ల అడ్రసులు నీ భర్త రాసిపెట్టలేదు. అన్నీ బుర్రలోనే పెట్టుకున్నాడు.”

“శనివారాలు నేనూ వ్యాన్‌లో వెళ్లాను కదా. విరిగిన గొడుగు ఇల్లు, రెండు కుక్కల ఇల్లు, ఎర్ర తలుపావిడ. నాకూ బుర్రలోనే ఉన్నాయి.”

ఆయన నవ్వలేదుగానీ తాళంచెవి నా ముందుకు తోశాడు. మిషన్ మీద గ్యాస్ పట్టడం తను చూసుకుంటానన్నాడు. వ్యాన్ నడపడం మా ఆయన నేర్పాడు నాకు. లైసెన్స్ రాతపరీక్ష బొమ్మలు బట్టీపట్టి పాసయ్యాను. ఈ ఇళ్లకు సోడా నా చేతిలో ఆగకూడదు, అంతే, ఆ నెల ఇంకేమీ ఆలోచించలేదు. ఆయన పోయాడు. ఆయన పనైనా తిరుగుతుంటే చాలనుకున్నాను.

మళ్లీ మొదలుపెట్టే ముందు రబ్బరు వాషర్లు మార్చాలని సార్ తలలన్నీ విప్పి బల్ల మీద పోశాడు. కళ్లు లాగుతున్నాయని మిగతాది రెండు రోజులాగి చేద్దామని ఇంటికి వెళ్లాడు. నేను, వదిన షెడ్డు ఊడుస్తున్నాం. నెల మాసికానికి వచ్చి ఇంకా ఇక్కడే ఉంది తను. బల్ల మీద కుప్ప చూసి ముక్కు మూసుకుంది.

“ఏమ్మాయ్, ఇవి జనం తాగే నీళ్లకేనా? మా ఆస్పత్రిలో ఇలాంటివి కనబడితే హెడ్ నర్సు మమ్మల్ని బతకనిచ్చేది కాదు.”

“ఆయన తోమనిచ్చేవాడు కాదు వదినా.”

“వాడికి చిన్నప్పట్నుంచీ శుభ్రం తక్కువే. పోయినవాణ్ణి అనకూడదుగానీ.”

నాకు ఆ మాట తగిలింది. వారం తిరక్కుండా ఆ ఇళ్లవాళ్లందరూ నన్ను చూస్తారు, నా చేతిలోవి చూస్తారు. మొగుడు పోయాడు, అన్నీ మురికిపట్టించింది అనుకుంటే? ఇండియన్ షాపుకు వెళ్లి చింతపండు దిమ్మలు నాలుగు, కల్లుప్పు తెచ్చాను. పెద్ద టబ్బులో చింతపండు పిసికి, ఆ పులుసులో తలలన్నీ రాత్రంతా నాననిచ్చాను. పొద్దున్నే ఇద్దరం పీటలేసుకుని కూర్చుని చింతపండు పిప్పి, ఉప్పు, ఇనుప పీచు పెట్టి తోమాం. లోపల తెల్లగా పొర కనిపించింది. ఈ ఊరి నీళ్లకు కెటిల్‌లో పట్టే ఉప్పుపొర అనుకున్నాను. సన్నటి బ్రష్షు దూర్చి అదీ వదలగొట్టాను. ముక్కులోపల కూడా వదల్లేదు.

ఇక్కడ వదిన పెన్ను పక్కన పెట్టింది. ఇది అవసరమా అంది. రాయమన్నాను. తోమింది నువ్వు కూడా, నేను తోమమన్నానని రాయి, మురికని ముందు నువ్వు అన్నావని కూడా రాయి. మళ్లీ పెన్ను తీసింది.

ఎంత మెరిశాయో చెప్పలేను. కుప్ప మీద ట్యూబులైటు వెలుతురు పడితే బంగారు నగల కొట్టులా ఉంది. సార్ వచ్చి చేత్తో తడిమి, మొహం దగ్గర పెట్టుకుని చూసి, మా నాన్న కాలంలో కూడా ఇలా లేవు అన్నాడు. లోపలికి చూడలేదు. ఆయన కళ్లకు చూసినా తెలిసేది కాదు. వాషర్లు వేసి, తలలు బిగించి, గ్యాస్ పట్టాడు. ఇనుప జాలీ వెనక సీసాలు ఒక్కోటి తలకిందులుగా తిరుగుతుంటే ఆయన పక్కన నిలబడి అందించాను. మా ఆయన ఉన్నప్పటిలాగే అన్ని చప్పుళ్లూ ఉన్నాయి.

మొదటి వారం అందరూ సీసాలు చూసి ముచ్చటపడ్డారు. ఎర్ర తలుపావిడ ముందు గదిలో బల్ల మీద పెట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది. ఆవిడ వేళ్లు వంకర్లు పోయాయి, మీటను మణికట్టుతో నొక్కుతుంది. మధ్యాహ్నం అన్నం దగ్గర ఒక గ్లాసు, అందులో నిమ్మకాయ చుక్కలు నాలుగు. నన్ను కూడా తాగమంది. వద్దన్నాను. ఆయన పోయాక సోడా నోట పెట్టలేదు. మొక్కేమీ కాదు. గొంతు దిగలేదు, అంతే. పెట్టి ఉంటే ఆ రోజే తెలిసేది.

ఇళ్లనుంచి తెచ్చిన ఖాళీ సీసాలకు ఇంకా పాత నల్ల తలలే ఉన్నాయి. సార్‌తో విప్పించి అవి కూడా తోమాను. ఈసారి వదిన లేదు, కనాటా వెళ్లిపోయింది. ఒక్కదాన్నే తోమాను.

మూడో వారం రెండు కుక్కల ఇంటాయన సీసాలు వెనక్కిచ్చాడు. నోట్లో రాగి కాసు పెట్టుకున్నట్టుంది అన్నాడు. నాకు అర్థమయ్యేదాకా కాసు తీసి నాలుక మీద పెట్టి చూపించాడు. ఇంకో ఇంట్లో వద్దన్నారు. విరిగిన గొడుగు ఇంటావిడ మెట్ల మీద ఒక చీటీ పెట్టింది, అది నాకు చదవడం రాదు. నాకు కోపం వచ్చింది. రుచి గురించి కాదనుకున్నాను. ఆయన చేతికి అలవాటుపడ్డ నోళ్లు, నా చేతి నీళ్లు నచ్చలేదనుకున్నాను. వ్యాన్‌లో గట్టిగా తిట్టుకుంటూ తిరిగాను. పదకొండేళ్లు తాగినవాళ్లకు మూడు వారాలు ఓపిక లేదా అని. సార్‌కు చెప్పలేదు. చెబితే మూసేస్తాడని భయం.

అలా ఇంకో మూడు వారాలు తిప్పాను. ఇది కూడా రాయి వదినా, తెలిసీ చెప్పకుండా తిప్పాను.

చివరికి రెండు కుక్కల ఇంటాయనే సార్‌కు ఫోన్ చేశాడు. ఆ రోజు నేను షెడ్డుకు వెళ్లేసరికి సార్ ఒక సీసా ముందు కూర్చుని ఉన్నాడు. గ్లాసులో కొట్టి నాకు ఇచ్చాడు. తాగాను. నాలుక వెనక్కి ముడుచుకుపోయింది. ఆయన తల విప్పి, టార్చిలైటు లోపలికి వేసి, నన్ను చూడమన్నాడు.

“వైట్ ఎక్కడ, మిసెస్? ఇక్కడ వైట్ ఉండాలి.”

లోపలంతా ఇత్తడి పసుపుపచ్చగా ఉంది. ముక్కు మలుపు దగ్గర ఆకుపచ్చ చిలుము మొదలైంది.

ఆయన ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. అది కళాయి. నేను ఊడగొట్టింది ఉప్పుపొర కాదు, కళాయి. ఇత్తడిగిన్నెకు కళాయి పోతే మా అమ్మ అందులో చారు కాదు కదా, మజ్జిగ కూడా పోయనిచ్చేది కాదు. వీధిలో కళాయి వేసేవాడు కేకేస్తే గిన్నెలు ఎత్తుకుని పరుగెత్తింది నేనే. ఎర్రగా కాలిన గిన్నెలో వాడు తగరం గీసి, నవాసాగరం పొడి చల్లి, దూదితో ఒక్కసారి తిప్పితే లోపలంతా వెండిలా అయ్యేది. అది చూడటానికే నిలబడేదాన్ని. పులుపు పోసేచోట కళాయి ఉండాలని చదువు లేని నాకూ తెలుసు. కానీ సోడా పులుపని నాకెప్పుడూ తోచలేదు. చూడటానికి నీళ్లు. నీళ్లకు కళాయి ఎందుకనుకుంటాం?

“నేను తోమాను సార్. చింతపండుతో.”

ఆయనకు చింతపండంటే ఏమిటో తెలియదు. పులుపు, పులుపు అన్నాను. నాలుక బయటపెట్టి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“నేనూ చూడలేదు” అన్నాడు.

ఆ రోజే సీసాలన్నీ వెనక్కి తేవాలన్నాడు. జాబితా లేదు. ఆయన పక్కన కూర్చున్నాడు, నేను బుర్రలో ఉన్న ఇళ్లన్నీ తిప్పాను. తలుపు తీసినవాళ్లకు ఈ సోడా తాగొద్దని సార్ చెప్పేవాడు, నేను నిండు సీసాలు ఎత్తుకొచ్చేదాన్ని. తలుపు తీయనివాళ్ల మెట్ల మీద కూర్చుని కాచుకున్నాను. ఇవ్వడానికి ఎక్కిన మెట్లే. అదే బరువు.

ఎర్ర తలుపావిడ ఇంటి దగ్గర సార్ వ్యాన్ దిగలేకపోయాడు, మోకాళ్లు పట్టేశాయి. నేనొక్కదాన్నే వెళ్లాను. ఆవిడ నైట్‌గౌనులో ఉంది. ఎప్పుడూ జుట్టు దువ్వుకుని ఉండేది, ఆ రోజు లేదు.

“నో డ్రింక్” అన్నాను. “బాటిల్ బ్యాడ్. గివ్, గివ్.”

ఆవిడ మెల్లగా, నాకు తెలిసే మాటలు ఏరుకుని చెప్పింది. నాలుగు రోజులుగా కడుపు బాగాలేదట. వాంతులట. కూతురు వచ్చి సోడా మానమందట. “సోడా కాదు డియర్, వయసు” అని తను కూతురితో పోట్లాడి, దానికోసమే ఇంకో గ్లాసు ఎక్కువ తాగిందట. కడుపుకు మంచిదని.

నేను సీసాలు తీసుకున్నాను. రెండూ దాదాపు ఖాళీ.

తర్వాత పదిరోజులు కళాయి వేసేవాళ్లకోసం వెతికాం. సార్ తన పాత పుస్తకంలో ఉన్న నంబర్లన్నీ కొట్టాడు. ఒకాయన చనిపోయాడు. ఒకాయన కొడుకు ఫోనెత్తి అదేం పనని అడిగాడు. వదిన కనాటానుంచి ఎక్కడెక్కడికో ఫోన్లు చేసింది. పాత రాగి పాత్రలకు వేస్తామన్న మనిషి ఒకడు దొరికాడుగానీ, చిటికెన వేలు పట్టని ముక్కులోపల వేయలేమన్నాడు.

నేనే వేస్తానన్నాను. తగరం తెప్పించాను, నవాసాగరం తెప్పించాను. షెడ్డు వెనక బార్బెక్యూ పొయ్యిలో బొగ్గులు రాజేసి, ఒక తల పటకారుతో పట్టుకుని కాల్చాను. చిన్నప్పుడు అంతసేపు నిలబడి చూశాను కదా, వస్తుందనుకున్నాను. పైపైన తెల్లబడింది. చేయి కాలింది. ముక్కులోపలికి దూది చుట్టిన పుల్ల దూర్చి తిప్పాను, తగరం ఒక పక్కన గడ్డకట్టింది. సార్ కర్ర పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. టార్చి వేసి చూసి తల ఊపాడు.

“లోపల కనబడనిదాన్ని నేను ఎవరి నోటికీ పంపను, మిసెస్.”

“ఇంకోటి కాలుస్తాను సార్. నాలుగు పాడైతే ఐదోది వస్తుంది.”

“ఆపు” అన్నాడు. తిట్టినట్టు కాదు. నా చేతిలోంచి పటకారు తీసుకుని బొగ్గుల మీద నీళ్లు పోశాడు.

అంతటితో అయిపోయింది. కొత్త తలలు ఎవరూ చేయడం లేదట. పాతవాటికి దిక్కు లేదు. గాజు సీసాలను ఎవరో ఇళ్లలో దీపాలు చేసుకోవడానికి పట్టుకెళ్లారు. తలల్ని పాత ఇనుము వాడు బకెట్లలో పోసుకెళ్లాడు. ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

సీసాలు వెనక్కి తెచ్చిన రోజు రాసుకున్న నంబర్లతో సార్ ఇళ్లన్నిటికీ ఫోన్ చేసి చెప్పాడు. చింతపండు మాట ఎత్తలేదు. మనిషి పోయాడు, ఆ చేయి లేకుండా నడపలేకపోతున్నాం, అందుకే ఆపుతున్నాం అని చెప్పాడట. నన్ను కాపాడటానికే చెప్పాడు. నేను వద్దనలేదు. మనవాళ్లలో కూడా ఆ మాటే పాకింది. గుడిలో కలిసిన డాక్టరుగారి భార్య నా భుజం మీద చేయి వేసి అంది.

“మీవారితోనే పోయిందటగా ఆంటీ ఆ విద్య. అంతే, కొందరి చేతిలోనే ఉంటుంది.”

అవునమ్మా అన్నాను. ప్రసాదం తీసుకుని వచ్చేశాను.

ఎర్ర తలుపావిడకు ఫోన్‌లో వినబడదు. అందుకని మే నెలలో నేనే వెళ్లాను. ఆవిడ కాస్త తేరుకుంది, చిక్కిపోయింది. కుర్చీ వేసింది. మా ఆయన కూర్చునే కుర్చీ. బల్ల మీద ప్లాస్టిక్ సీసా సోడా ఉంది, కూతురు కొని పెట్టిందట. చప్పగా ఉందని మొహం అదోలా పెట్టింది. తర్వాత నా కాలిన చేతిని పట్టుకుని చూసి ఏమైందని అడిగింది. వంట అన్నాను.

“ఆయన లేడు కనకే ఆపేశారా?” అని అడిగింది. రెండుసార్లు అడిగింది, మొదటిసారి నాకు అర్థం కాలేదనుకుని.

అర్థమైంది. నాకు ఆవిడ కడుపు గుర్తొచ్చింది, ఆవిడ ఎక్కువ తాగిన గ్లాసు గుర్తొచ్చింది. చెబితే ఈ చేయి వదిలేస్తుంది అనిపించింది.

“యెస్” అన్నాను.

“పాపం” అన్నట్టు తల ఊపింది. ఇంకెవరికీ రాదు ఆయన పని, నువ్వు బాగానే ప్రయత్నించావు అని నా చేయి నిమిరింది. వెళ్లేటప్పుడు బిస్కెట్లు పొట్లం కట్టి ఇచ్చింది. తీసుకున్నాను.

ఏడాది పైగా ఆగి, ఒక ఆదివారం మళ్లీ వెళ్లాను. ఏమని చెప్పాలో వదినతో ఫోన్‌లో ఇంగ్లీషులో చెప్పించుకుని, దారంతా వల్లెవేసుకుంటూ వెళ్లాను. తలుపుకు రంగు మార్చారు, ఇల్లు దాటిపోయి మళ్లీ వెనక్కి వచ్చాను. చంకన బిడ్డతో ఒక చిన్నావిడ తలుపు తీసింది. ఓల్డ్ లేడీ అన్నాను. ఇల్లు అమ్మేశారని, ముసలావిడను కూతురు ఏదో ఊరు తీసుకెళ్లిందని చెప్పింది. ఏ ఊరో తనకు తెలియదంది. ఉందో లేదో కూడా తెలియదంది. ఏమైనా పని ఉందా అని అడిగింది. వల్లెవేసిన మాటలన్నీ నోట్లో ఉన్నాయి. ఆ పిల్లతో ఏమని చెప్పను? సారీ అని మెట్లు దిగాను.

ఆయన పని ఆయనతో పోలేదు. ఆయన దాన్ని నడిచేట్టుగానే వదిలి వెళ్లాడు. ఏది ముట్టుకోకూడదో కూడా చెప్పి వెళ్లాడు. నా సిగ్గుకోసం నేను తోమాను, నా భయంకోసం మూడు వారాలు దాచాను, ఆ పైన నెపం ఆయన చావు మీద పెట్టాను. ముసలావిడకు చెప్పాల్సిన మాట ఇదే. ఆవిడ ఎక్కడుందో తెలియదు కనక ఇక్కడ చెబుతున్నాను.

“ఇంతేనా?” అంటోంది వదిన.

ఇంతే. చదివి వినిపించక్కర్లేదు.